నాయిన చేసిన మట్టిమనిషి ఆవంలో మెడ దగ్గర విరిగాడు. మళ్లీ చేయాలంటే ఎవరిని చేయాలి?

ప్రశ్న: జిరాక్స్‌షాపు_మర్రిగూడ

అందరికీ నమస్తే. ప్రశ్న కొంచెం పొడుగు. సగం మట్టి గురించి, సగం మనిషి గురించి. రెండూ విడదీసి అడుగుదామని రెండుసార్లు రాసి కొట్టేశాను, కుదరలేదు.

నాది మర్రిగూడ వైపు. జిరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు. పగలంతా జనం వేళ్లు పట్టుకుని మిషన్ మీద పెట్టించడమే నా పని. రాత్రి షట్టర్ సగం దించి మట్టితో బొమ్మలు చేస్తాను. ఆరేళ్లయింది. నేర్పినవాళ్లెవరూ లేరు.

మొదట్లో తలలు మాత్రమే చేసేవాణ్ని. మోడల్‌గా కూర్చునేవాళ్లు దొరక్క నా తల నేనే చేసుకున్నా, ఎదురుగా అద్దం పెట్టుకుని. అచ్చం వచ్చిందని సంబరపడి ఇంట్లో చూపిస్తే మా అమ్మ "ఎవలిదిరా ఇది?" అంది. చాలాసేపటికి గానీ అర్థం కాలేదు. అద్దంలో పాపిడి ఏ పక్క కనిపించిందో ఆ పక్కనే తీశాను, కనుబొమ్మ మీది గాటు కూడా అంతే. ముప్పై ఏళ్లుగా నాది అనుకుంటున్న ముఖాన్ని నేను తప్ప ఊళ్లో ఎవరూ చూడలేదన్నమాట. ఈ పిచ్చి నాకు అక్కడ పట్టుకుంది.

ఇప్పుడు అసలు సంగతి. మా నాయినకు 61. వయసులో బావులు తవ్వే పనికి పోయేవాడు. మా దిక్కు నీళ్ల గురించి నల్గొండోళ్లకు చెప్పక్కర్లేదు. బయటివాళ్ల కోసం ఒక మాట: లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మా నాయిన తరం అది దాటిన బోరు నీళ్లే తాగింది. ఎముకకు ఎముకను పట్టి ఉంచే లిగమెంట్లు ఏళ్లు గడిచేకొద్దీ ఎముకల్లాగే గట్టిపడతాయి. వెన్ను వంగినచోట వంగినట్టే బిగుసుకుపోతుంది. నాయిన పక్కకు చూడాలంటే మెడ తిరగదు, మనిషంతా తిరగాలి.

పింఛను దగ్గర ఆయన వేలిముద్ర పడదు. రాళ్లు మోసి మోసి గీతలు అరిగిపోయాయి. ఒకసారి మూడు వేళ్లు మార్చి మార్చి పెట్టి, బయటికొచ్చి "నేను నేను కాదంటుందిరా మిషిను" అన్నాడు. కంటితో చూసే మిషన్ ఉంది గానీ ఆయన తల పైకి లేవదు కదా. కింద నేల మీద కూర్చుని, ఆ డబ్బా కింది నుంచి ఆయన కళ్లకు ఎదురుగా పట్టాలి. నా షాపులో అయితే నేను కూర్చుంటాను. వేరేచోట ఎవరు కూర్చుంటారు?

ఒకరాత్రి షాపుకొచ్చి, బల్ల మీద ఉన్న మట్టిముద్దలో బొటనవేలు నొక్కాడు. ముద్ర పడింది. గీతలు సగమే ఉన్నాయి, వాటికి అడ్డంగా పగుళ్లు, పెసరగింజంత మచ్చ. దాన్ని లైటు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత పదిరోజులు రోజూ వచ్చి ఒక మనిషిని చేశాడు. జానకు ఇంకో నాలుగు వేళ్లు ఎక్కువ పొడుగు. చెక్కపలక మీద పడుకోబెట్టి చేశాడు. నిట్టనిటారుగా, వెన్ను స్కేలు పెట్టి గీసినట్టు, ఛాతీ పైకి, చేతులు పక్కలకు. నేను పక్కన కూర్చుని ఏం మాట్లాడలేదు. గొంతు పట్టేసింది.

ఆ తర్వాత పని నేను చేశాను. నిలబెట్టడానికి సెంట్రింగ్ వాళ్లు కడ్డీలు కట్టే ఇనుపతీగ మూడు పేటలు మెలిపెట్టి మడమ నుంచి తల దాకా దూర్చాను. పాదాలు బయటికి వాలి ఉన్నాయి, అలా అయితే నిలవదని తడి చేసి కిందివైపు చదును చేశాను. ఎనిమిది రోజులు ఆరబెట్టా. నాలుగోరోజు మెడ దగ్గర వెంట్రుకంత బీట వస్తే పలచటి మట్టి పూశాను. తెలిసిన కుమ్మరాయన ఆవంలో ఓ మూలన పెట్టి కాల్పించాను. తీస్తే మెడ తెగి తల విడిగా ఉంది, వీపు నిలువునా చీలింది. నాయిన రెండు ముక్కలూ చూసి నవ్వాడు.

నా ప్రశ్నలు. ఎందుకు విరిగింది? రెండోది, మళ్లీ చేయాలనుంది, ఎవరిని చేయాలి? నాకు కనబడే వంగిన మనిషినా, ఆయన చేసుకున్న నిటారు మనిషినా? హైదరాబాద్‌లో ఉన్న దోస్తు "వంగిందే చెయ్, అదే నిజం, ఎగ్జిబిషన్‌లో పెట్టొచ్చు" అంటున్నాడు. అది నిజమే అనుకుందాం, కానీ నాయిన లోపల ఉన్న మనిషి మరి? ఆయన "నేను" అన్నప్పుడు ఆ మాట ఏ వెన్నుతో అంటున్నాడు?

ఒక్క మనవి. ఘటాకాశం, మహాకాశం అని ఎవరూ రాయకండి. కుండ పగిలితే లోపలి ఆకాశం బయటి ఆకాశంలో కలుస్తుందని తెలుసు. ఇక్కడ పగిలింది బొమ్మ. నాయిన ఇంట్లో ఉన్నాడు, చాయ్ అడుగుతున్నాడు.

జవాబు: ఆవం_దేవరకొండ

తమ్ముడూ, మాది కుమ్మరిల్లు. మా తాత రంజన్లు చేసేది, నాయిన ఐరేని కుండలు, నేను దీపంతలు, మొక్కల కుండీలు. నీ బొమ్మను చంపింది తీగ.

మట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోతది. చెరువు బంకమట్టి అయితే ఆరినప్పుడు కొంత, కాలినప్పుడు ఇంకొంత, మొత్తంగా పదోవంతు దాకా పోతది. ఇనుము పోదు. చుట్టూ మట్టి దగ్గరికొస్తుంటే లోపల తీగ ఉన్నకాడే ఉంటది. ఇగ మట్టికి దారేది? చీలుడే. పైంగ ఆవంలో ఇనుము వేడికి సాగుతది కూడా. మెడ సన్నం కాబట్టి ముందు అక్కడ. నాలుగోరోజు బీట వచ్చిన్నాడే బొమ్మ నీకు చెప్పింది, నువ్వు దానికి మేకప్ వేసినవ్.

రెండో తప్పు, గట్టి ముద్ద. మందం రెండు వేళ్లు దాటితే లోపల తడి ఉండిపోతది. పైన చెయ్యి పెట్టి చూస్తే ఎండినట్టే ఉంటది, చెంపకు ఆనించి చూడు, చల్లగా తగిలితే ఇంకా నీళ్లున్నయని. వంద డిగ్రీలు దాటంగనే ఆ నీళ్లు ఆవిరై బయటికి తోసుకొస్తయి. అందుకే మేం ముందు సగం పూట పొగ మాత్రమే పెడతం, మంట పెట్టం. ఇంకోటి, మట్టిలో ఇసుక కలిపి ఉంటవ్. ఇసుకకు 573 డిగ్రీల కాడ ఒక గుణముంది, వేడెక్కేటప్పుడు అకస్మాత్తుగా ఉబ్బుతది, చల్లారేటప్పుడు అదే లెక్కన తగ్గుతది. ఆ నంబరు మా తాతకు తెల్వదు గానీ, ఆవం పూర్తిగా చల్లారకముందు గడ్డి తియ్యనిచ్చేటోడు కాదు.

ఎట్ల చెయ్యాలంటే, మట్టి తోలులెక్క అయినంక వెనకనుంచి తోడెయ్యి. గోడ వేలు మందం ఉంచు. తల లోపల కూడా గుల్ల చేసి, గాలి పోయే తొవ్వ విడువు. పాత పెంకులు దంచి పొడి జల్లించి మట్టిలో కలుపు, పగుళ్లు తగ్గుతయి. ఆరేటప్పుడు బొమ్మకు బయటినుంచి దన్ను పెట్టు, లోపలికి ఏదీ దూర్చకు. తడిగుడ్డ కప్పి నీడన ఆరబెట్టు. మెడ, చేతులు ముందు ఆరిపోతయి, వాటికి గుడ్డ ఎక్కువసేపు.

రెండో ప్రశ్న నా చేత కాదు. కానీ గట్టి తీగ వెన్నుల పెడితే మనిషి విరిగిండు అని నువ్వే రాసినవ్, మళ్లొకసారి చదువుకో.

జవాబు: నిర్గుణం

వద్దన్నారు కానీ చెప్పకుండా ఉండలేను. కుండైనా బొమ్మైనా ఉన్నది మట్టే, మిగతాది పేరు. వంగినవాడూ లేడు, నిటారువాడూ లేడు.

జిరాక్స్‌షాపు_మర్రిగూడ

సార్, మీ నడుము పట్టేసిన రోజు ఇదే మాట మళ్లీ రాయండి, లైక్ కొడతా.

@ఆవం_దేవరకొండ అన్నా, చివరి లైను చదివి షాపు బయటికి పోయి నిలబడ్డా. ఆ తీగ దూర్చింది నేనే. అంతకంటే ఇప్పుడు రాయలేను.

జవాబు: పాలమూరు_లెక్చరర్

డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెప్తాను, మహబూబ్‌నగర్‌లో. మీ రెండో ప్రశ్నకు నాకు తెలిసినంత.

మన ఒళ్లు ఎలా ఉందనే పటం ఒకటి మెదడు తనకు తాను వేసుకుంటుంది. కళ్లు, చర్మం, కీళ్లు పంపే సమాచారాన్ని కలిపి క్షణక్షణం దిద్దుకుంటూ ఉంటుంది. అది ఎంత తేలిగ్గా మోసపోతుందో బోట్వినిక్, కోహెన్ అనే ఇద్దరు 1998లో చూపించారు. మనిషి చేతిని అడ్డం వెనక దాచి, కళ్ల ముందు రబ్బరు చేయి పెట్టి, రెండింటినీ ఒకేసారి ఒకేలా కుంచెతో నిమిరారు. కాసేపటికి ఆ స్పర్శ రబ్బరు చేతిలోనే తెలుస్తున్నట్టు అనిపించింది. నిమిరే తాళం తప్పితే ఆ భ్రమ తగ్గిపోతుంది. నేను క్లాసులో మట్టిచేయి పెట్టి చేయించాను. కొందరికి పనిచేసింది, కొందరికి నవ్వొచ్చింది. ఒకమ్మాయికి మాత్రం, చివర్లో నేను మట్టిచేతి మీద స్కేలు ఎత్తేసరికి తన చేయి వెనక్కి లాగేసుకుంది.

అంటే "ఇది నా ఒళ్లు" అనే భావం ఒంట్లో అతికించి ఉన్న వస్తువు కాదు, జరుగుతున్న పని. ఏళ్ల తరబడి కాళ్లు పడిపోయినవాళ్లు కలలో నడుస్తారు, పరుగెడతారు. పొద్దున లేచి చెప్తారు కూడా. మీ నాయినగారి చేతులకు నిటారు మనిషి దొరకడం నాకు వింతగా లేదు. ఆయన జీవితంలో సగానికి పైగా ఆ ఒళ్లే కదా.

నేను అనేది ఎక్కడుందని పిల్లలు అడిగితే నల్గొండ పక్కన పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం చూసి రమ్మంటాను. లింగం మీద పగలంతా స్తంభం నీడ ఉంటుంది. ఏ స్తంభానిదో వెతకండి, దొరకదు. నేరుగా అడ్డం వచ్చే స్తంభమే లేదు. చుట్టూ ఉన్నవాటిని తగిలి చెదిరే వెలుగంతా కలిసి ఆ నీడను నిలబెడుతుంది. ఒకసారి ఒక పిల్లవాడు "అయితే నీడ లేనట్టా సార్?" అన్నాడు. ఉంది కదా, ఎదురుగా కనిపిస్తోంది కదా అన్నాను. నిర్గుణం గారికి కూడా ఇదే నా జవాబు.

జవాబు: డ్రాయింగ్‌టీచర్_సూర్యాపేట

లెక్చరర్ గారు బాగా చెప్పారు. నాది కొంచెం వేరే.

ముందు మీ దోస్తు మాట వదిలేయండి. వంగిన వెన్నును చూసి చూసి మన జిల్లా కళ్లు కాయలు కాచాయి. ఫోటోల్లో, పేపర్లలో, పోస్టర్లలో అదే. ఆ మనుషులు తమను తాము ఎలా చూసుకుంటారో చూపించిన బొమ్మ మాత్రం నాకు ఒక్కటీ ఎదురుపడలేదు.

గుజరాత్ లోథాల్‌లో పుట్టిన హిమ్మత్ షా అనే శిల్పి ఏళ్ల తరబడి టెర్రకోట తలలు చేశారు. వాటిలో ముక్కు, కళ్లు సరిగా ఉండవు, కొన్నింట్లో ముఖమే ఉండదు. అయినా లోపల ఎవరో ఉన్నట్టు ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఆంటనీ గార్మ్‌లీ 1993లో ఇంకో పని చేశాడు. తను చేయకుండా ఒక ఊరివాళ్ల చేత, పిల్లాజెల్లా అందరి చేత, అరచేతిలో పట్టే మట్టిమనుషుల్ని చేయించాడు. దాదాపు 40 వేలు. చెప్పింది కొంచెమే: చేతిలో ఇమడాలి, నిలబడాలి, కళ్లుండాలి. అన్నీ కలిపి గదినిండా నింపితే గుమ్మంలో నిలబడ్డవాణ్ని అవే చూస్తున్నట్టు ఉంటుంది. మా స్కూల్లో ఏడో తరగతికి ఇలాగే చేయించాను. పేర్లు రాయకుండా పెట్టమన్నాను. ఏది ఎవరిదో దూరం నుంచే చెప్పగలిగాను. భుజాలు ఎత్తి నడిచే పిల్లవాడి బొమ్మ భుజాలు ఎత్తే ఉంది, వాడికి మాత్రం తెలియదు.

అందుకే మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒకచోట ఆగిపోయాను. "పాదాలు బయటికి వాలి ఉన్నాయి, చదును చేశాను" అన్నారు. బొమ్మను పలక మీద పడుకోబెట్టి చేశారన్నారు. నిలబడ్డ మనిషి పాదాలు నేలకు ఆని ఉంటాయి. చెరో పక్కకు వాలే పాదాలు ఎవరివి? మీరు పడుకున్నప్పుడు చూసుకోండి.

నిలబెట్టమని నాయినగారు మీకు చెప్పారా?

జవాబు: పెంకులపిచ్చి

నేను పాతగోడల చుట్టూ, దిబ్బల చుట్టూ తిరిగే రకం, మట్టిపని రాదు. వేలిముద్ర మాట చదివి రాస్తున్నా. పాతకుండల పెంకుల మీద చేసినవాళ్ల వేలిముద్రలు ఇప్పటికీ దొరుకుతాయి. గీతకూ గీతకూ మధ్య వెడల్పు కొలిచి అది పెద్దవాళ్ల చేయా, పిల్లల చేయా అని పురావస్తు వాళ్లు అంచనా వేస్తారు. మట్టి కాలి తగ్గిన కొలత కూడా లెక్కలో కలుపుతారు, లేకపోతే పెద్దవాళ్లు పిల్లల్లా కనబడతారు. మిషన్ వద్దన్న వేలు అది. బొమ్మ మీద ఎక్కడో ఒకచోట వేయించండి.

జిరాక్స్‌షాపు_మర్రిగూడ

నెలన్నర తర్వాత వచ్చాను, క్షమించాలి. అడ్మిషన్ల సీజన్, షాపులో ఊపిరి ఆడలేదు.

టీచర్ గారూ, మీరు అడిగిన రోజు రాత్రే అడిగాను. నాయిన గుమ్మం పక్కన మంచం మీద పక్కకు తిరిగి ఉన్నాడు. ఆయన ఎప్పుడూ పక్కకే. వీపు వెనక మడిచిన గోనెసంచి, మోకాళ్ల మధ్య పాత దిండు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి కాదు గానీ, నా పెళ్లప్పటికే ఇదే పడక.

"నాయినా, ఆ బొమ్మ నిలబడ్డోడా?" అన్నా.

"నిలవడుడేందిరా? పండుకున్నడు."

నేనేం అనలేదు. ఆయనే కాసేపటికి, "ఎల్లెలికల పండుకోని ఎన్నేండ్లాయెనో. సుక్కలు సూసుకుంట పండుకునేటోన్ని, బావి పని కాడ" అన్నాడు.

"మరి నేను తీగ పెట్టి నిలబెడుతుంటే చెప్పలేదేం?"

"నువ్వు నిలవెడితివి. కొడుకు నిలవెడుతున్నడు, సూద్దాం అనుకున్న."

నేను అడిగిన రెండు మనుషుల్లో ఎవరూ కాదు. వంగినవాడు నేను చూసినవాడు, నిలబడ్డవాడు నేను కోరుకున్నవాడు. ఆయన మూడోవాడు, వాడికి నిటారుగా నిలబడాలని లేదు. వెల్లకిలా పడుకుంటే చాలు. ఆయన పక్క మంచంలోనే పడుకుని ఇన్నేళ్లు నాకు ఇది తోచలేదు.

మళ్లీ ఆయనే చేశాడు. ఈసారి నేను మట్టి పిసికి ఇవ్వడం, దీపం పట్టడం. దేవరకొండ అన్న చెప్పినట్టు పాత బొమ్మ ముక్కలనే దంచి పొడి జల్లించి కొత్తమట్టిలో కలిపాం. మట్టి గట్టిపడ్డాక వెనకనుంచి తోడాలని చెబితే, బోర్లా తిప్పిన బొమ్మను చూస్తూ "తోడు తోడు. వీపుల నుంచే తియ్యి, నొప్పంత ఆడ్నే ఉంది" అన్నాడు. చెంచాతో తోడుతుంటే నా చేయి ఆగింది. ఆయన ఆపలేదు, గోడ మందం వేలు పెట్టి చూసుకుంటూ "ఇంకింత, ఇంకింత" అంటూనే ఉన్నాడు. పాదాలు ఎలా వాలాయో అలాగే వదిలేశాం. ముద్ర ఎక్కడ వేస్తావంటే ఎడమ అరికాలు చూపించి అక్కడ బొటనవేలు నొక్కాడు. మిషన్ ఒప్పుకోని వేలే.

పదహారు రోజులు తడిగుడ్డ కింద, నీడలో. చెంపకు ఆనించి చూసే పని నాయిన తీసుకున్నాడు. వంగి చూడక్కర్లేదు కదా, ఆయన చెంప ఎలాగూ కిందికే ఉంటుంది అని జోకు కూడా ఆయనదే. ఆవంలో ఇసుక పరిచి దాని మీద పడుకోబెట్టాం. కుమ్మరాయన పూర్తిగా చల్లారేదాకా నన్ను దగ్గరికి రానివ్వలేదు.

విరగలేదు. చేసినప్పుడు 26 సెంటీమీటర్లు, ఇప్పుడు 23న్నర. నాయిన జానతో కొలిచి "సన్నవడ్డడు, నిద్ర సాలలే" అన్నాడు. షాపులో ప్రింటర్ పక్కన పెట్టాను. నిన్న ఒకావిడ ఆధార్ అప్‌డేట్‌కు వచ్చి దాన్ని చూసి "పీనుగా?" అని అడిగింది. కాదమ్మా, మా నాయిన అన్నాను. ఆమె బెంచీ మీద వంగి కూర్చున్న నాయినను, బొమ్మను మార్చి మార్చి చూసి, కాయితాలు ఇచ్చేసి ఊరుకుంది.

అన్నా, ఒక్కటే అనుమానం. కుడి మోచేతి కింద దారమంత సన్న బీట ఉంది, గోరు పట్టనంతది. ఆరేటప్పుడు వచ్చిందా, కాలినప్పుడా? వేలితో కొడితే మోత మాత్రం బాగానే ఉంది. రేపు వెలుతురులో ఫోటో తీసి పెడతాను, చూసి చెప్పు.